అభయారణ్యం చుట్టూ చెట్లెన్ని, తుప్పలెన్ని: కంబాలకొండ ఉదాహరణగా మార్పును కొలిచే పద్ధతి

విశాఖపట్నంలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు జాతీయ రహదారి మీద వెళ్తున్నప్పుడు కుడివైపు జూ పార్కు, ఎడమవైపు కంబాలకొండ అభయారణ్యం వస్తాయి. వానలు పడిన తరువాత ఆ కొండల వరుసంతా ఒకే పచ్చదనంతో నిండి ఉంటుంది కాబట్టి, రోజూ ఆ దారిన పోయేవారికి అక్కడ ఏమీ మారడం లేదనే అనిపిస్తుంది. నేల మీద నడిచి చూసినవారికి మాత్రం ఆ పచ్చదనం రెండు రకాలని తెలుస్తుంది. ఒకటి చెట్లది, రెండోది తుప్పలది. చెట్టు పోయిన చోట రెండు మూడు వానాకాలాల్లో తుప్ప లేచి ఆ ఖాళీని కప్పేస్తుంది. అప్పుడు దూరం నుంచి చూసే కంటికే కాదు, ఉపగ్రహానికి కూడా ఆ నష్టం కనిపించకుండా పోతుంది.

ఈ మార్పును పట్టుకోవాలంటే చెట్టునూ తుప్పనూ విడివిడిగా కొలవాలి. ఒక సాధారణ కంప్యూటరు, ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలు, ఒక కొలత టేపు, కొన్ని ఆదివారాల ఓపిక ఉంటే ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తాను. డిగ్రీ విద్యార్థులైనా, బడి పిల్లలతో ప్రాజెక్టు చేయించదలచిన ఉపాధ్యాయులైనా, కొండ పక్కన కాపురముండే కాలనీవాసులైనా దీన్ని అనుసరించవచ్చు.

ప్రశ్నను ముందుగా కాగితం మీద రాసుకోండి

"అడవి తగ్గిందా?" అన్న ప్రశ్నతో పని మొదలుపెడితే చివరికి ఏ జవాబూ రాదు. ఏ హద్దు లోపల, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, దేన్ని చెట్టుగా లెక్కపెడుతున్నారు, దేన్ని తుప్పగా లెక్కపెడుతున్నారు అన్న నాలుగు విషయాలు ముందే తేల్చుకోవాలి. మన దేశంలో అడవుల లెక్క చెప్పే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి సుమారు రెండేళ్లకొకసారి నివేదిక ఇస్తోంది. చెట్ల కొమ్మల గొడుగు నేలను 70 శాతం, అంతకు మించి కప్పితే చాలా దట్టమైన అడవి అనీ, 40 నుంచి 70 శాతం వరకు కప్పితే ఓ మోస్తరు దట్టమైన అడవి అనీ, 10 నుంచి 40 శాతం వరకైతే పలుచని అడవి అనీ, అటవీ భూముల్లో 10 శాతం కంటే తక్కువైతే తుప్పల అడవి అనీ అది విభజిస్తుంది. మీరు కూడా ఇదే కొలబద్దను వాడుకుంటే మీ ఫలితాన్ని ఇతరుల లెక్కలతో పోల్చుకోవడం సులువవుతుంది.

అయితే ఆ నివేదికలో ఒక హెక్టారుకు మించి ఉండి, గొడుగు 10 శాతం దాటిన ప్రతి చోటూ, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా, అడవి విస్తీర్ణంలోనే చేరుతుందని మరచిపోవద్దు. జీడి తోట, మామిడి తోట, నీలగిరి తోట అన్నీ అందులో ఉంటాయి. విశాఖ చుట్టుపక్కల ఇది చిన్న విషయం కాదు. సింహాచలం కొండ పనసకూ, అనాసకూ, సంపెంగకూ పేరున్న కొండ. పెద్ద చెట్ల నీడలో అనాస వేసిన తోటను పైనుంచి చూస్తే ఎవరైనా అడవి అనే అనుకుంటారు. అందువల్ల చెట్లను కనీసం రెండు తరగతులుగా, అంటే సహజమైన అడవి, వేసిన తోట అని విడదీయాలని నా సలహా.

హద్దు, దాని చుట్టూ పట్టీ

కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు, అంటే ఏడు వేల హెక్టార్లకు కాస్త పైన. అంతకుముందు అది విజయనగరం మహారాజుల అధీనంలో ఉండి, తరువాత అటవీ శాఖ చేతికి వచ్చిన అడవి. ఇంటర్నెట్ పటాల్లో ఆకుపచ్చ రంగు వేసిన భాగాన్నే హద్దుగా తీసుకోకండి. అది చాలాసార్లు ఉజ్జాయింపు గీత మాత్రమే. గెజిట్ ప్రకటననూ, అటవీ శాఖ పటాన్నీ ఆధారంగా తీసుకోవాలి. అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాలను ప్రకటించే గెజిట్‌లలో హద్దు బిందువుల అక్షాంశ రేఖాంశాలను అనుబంధంగా ఇస్తారు కాబట్టి అవి మీకు బాగా ఉపయోగపడతాయి. దొరకని పటం కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

హద్దు దొరికాక దాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, బయటివైపు ఒక కిలోమీటరు, మూడు కిలోమీటర్ల దూరాల్లో రెండు పట్టీలు వేయండి. ఇక్కడ కొత్తవారందరూ ఒక పొరపాటు చేస్తారు. పటం డిగ్రీల లెక్కలో ఉండగానే పట్టీ గీయబోతే దూరం తప్పుగా వస్తుంది. ముందుగా పటాన్ని మీటర్ల లెక్కకు మార్చుకోవాలి. భూగోళాన్ని మండలాలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిని యూటీఎం అంటారు. అందులో విశాఖపట్నం 44వ మండలం ఉత్తర భాగంలో ఉంది. క్యూజీఐఎస్‌లో దాని సంఖ్య ఈపీఎస్‌జీ 32644.

లోపలి భాగాన్నీ, బయటి పట్టీలనూ ఎప్పుడూ విడివిడిగానే లెక్కకట్టాలి. లోపల చెట్టు నిలబడినా బయట ఆరిలోవ, ఎండాడ, మధురవాడ, అడవివరం వైపు లేఅవుట్లు, రోడ్లు పెరిగితే, అన్నీ కలిపిన సగటులో ఏదీ సరిగా కనిపించదు.

ఏ ఉపగ్రహం, ఏ నెల

నలభై ఏళ్ల మార్పు కావాలంటే అమెరికావారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలే దిక్కు. 1984లో ల్యాండ్‌శాట్ 5, 1999లో ల్యాండ్‌శాట్ 7, 2013లో ల్యాండ్‌శాట్ 8, 2021లో ల్యాండ్‌శాట్ 9 నింగికెగిశాయి. 2008 నుంచి వీటి చిత్రాలన్నీ ఉచితం. ఐరోపావారి సెంటినెల్ 2 ఉపగ్రహాల్లో మొదటిది 2015లో, రెండోది 2017లో వచ్చాయి కాబట్టి వాటితో ఇటీవలి పదేళ్లను మాత్రమే చూడగలం, కానీ మరింత దగ్గరగా చూడగలం.

ఆ దగ్గరతనం ఎంతో మన కొలతల్లో చెప్పుకుందాం. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక గడి, అంటే పిక్సెల్, 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అది దాదాపు 22 సెంట్ల భూమి. సెంటినెల్ గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; అది రెండున్నర సెంట్లు, అంటే సుమారు 120 గజాలు. కాలనీల్లో ఒక ఇంటి స్థలం రెండు వందల గజాలుంటే, సెంటినెల్‌కు అది రెండు గడులు కూడా కాదు. ల్యాండ్‌శాట్‌కైతే అలాంటి ఐదు స్థలాలు కలిపి ఒకే చుక్క. కాబట్టి ఒక్కొక్క చెట్టు కొట్టివేతను వీటితో పట్టుకోవాలని చూడకండి. అది వీటి పని కాదు.

ల్యాండ్‌శాట్ 7లో ఒక భాగం 2003 మే 31న చెడిపోయినప్పటి నుంచి దాని చిత్రాల్లో నల్లటి చారలు పడి, దాదాపు 22 శాతం సమాచారం లేకుండా పోయింది. ల్యాండ్‌శాట్ 5 కూడా 2011 నవంబరులో చిత్రాలు తీయడం ఆపేసింది. కాబట్టి 2012ను పోలిక సంవత్సరంగా పెట్టుకోకపోవడం మంచిది.

నెల ఎంపిక విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు. జూన్ నుంచి అక్టోబరు వరకు మబ్బులు. నవంబరులో కొండంతా నిండు పచ్చదనం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకురాలే చెట్లు మోడువారి, మోదుగ పూసే కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన గడ్డి, అక్కడక్కడ కాలిన మచ్చలు. ఒక సంవత్సరం నవంబరు చిత్రాన్ని మరో సంవత్సరం ఏప్రిల్ చిత్రంతో పోలిస్తే సగం అడవి మాయమైనట్టు కనిపిస్తుంది. అది రుతువు చేసిన మార్పే గానీ, ఏళ్ల మీద వచ్చిన మార్పు కాదు. అందుకే ప్రతి సంవత్సరానికీ రెండు చిత్రాలు తీసుకోండి: నవంబరు చివర నుంచి డిసెంబరు మొదటి వారాల మధ్య ఒకటి, మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఒకటి. ఈ రెండో చిత్రం ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

డిసెంబరు చిత్రంలో మరో చిక్కు ఉంది. ఈ ఉపగ్రహాలు ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. ఆ వేళకు శీతకాలపు సూర్యుడు ఆగ్నేయాన, కిందుగా ఉంటాడు కాబట్టి కొండల వాయవ్య వాలులు నీడలో పడతాయి. నీడను దట్టమైన అడవిగా పొరబడకుండా, బాగా ఏటవాలుగా ఉన్న నీడ భాగాలను వేరుగా గుర్తుపెట్టుకోండి.

పచ్చదనపు లెక్క

పచ్చని ఆకు ఎర్రటి కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను ఈ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెనే ఎన్‌డీవీఐ అంటారు. ఒక గడిలో ఎరుపు 0.05, పరారుణం 0.30 ఉన్నాయనుకుంటే తేడా 0.25, మొత్తం 0.35, భాగిస్తే 0.71 వస్తుంది. ఎరుపు 0.20, పరారుణం 0.27 ఉన్న గడిలో అదే లెక్క 0.15కు పడిపోతుంది. మొదటిది దట్టమైన ఆకు, రెండోది ఎర్రమట్టి.

ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని ఒక్కో బ్యాండుగా విడిగా ఇస్తుంది. సెంటినెల్ 2లో ఎరుపు నాలుగో బ్యాండు, పరారుణం ఎనిమిదో బ్యాండు. ల్యాండ్‌శాట్ 8, 9లలో నాలుగు, ఐదు. ల్యాండ్‌శాట్ 5, 7లలో మూడు, నాలుగు. ముడి చిత్రం కాకుండా, గాలిలోని ధూళి ప్రభావాన్ని సరిదిద్దిన చిత్రాన్నే దింపుకోండి. సెంటినెల్‌లో దాన్ని ఎల్2ఏ అంటారు, ల్యాండ్‌శాట్‌లో లెవెల్ 2 అంటారు. సెంటినెల్ చిత్రాల తయారీ పద్ధతిని 2022 జనవరి 25న మార్చి, ప్రతి అంకెకూ వెయ్యి కలపడం మొదలుపెట్టారు. దాన్ని తీసివేయకుండా 2018 చిత్రంతో 2023 చిత్రాన్ని పోలిస్తే అడవి మీద లేని నష్టం పుట్టుకొస్తుంది.

లెక్క సరిగా ఉందో లేదో చూసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. ఇన్నేళ్లలో మారలేదని మీకు గట్టిగా తెలిసిన చోట్లు రెండు ఎంచుకోండి: ఒకటి విశాలమైన బండరాయి లేదా పాత కాంక్రీటు మైదానం, మరొకటి అభయారణ్యం మధ్యలో గెడ్డ, అంటే వాగు వెంట ఏడాదంతా పచ్చగా ఉండే లోతైన లోయ. అన్ని సంవత్సరాల చిత్రాల్లోనూ ఈ రెండు చోట్ల అంకెలు దాదాపు ఒకేలా రావాలి. రాకపోతే తేడా అడవిలో లేదు, చిత్రంలో ఉంది.

తుప్ప ఎక్కడ దాగుతుంది

ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. కొన్నేళ్ల కిందట ముడసర్లోవ వైపు కొండ అంచున ఒక వాలు నా పటంలో ముదురు ఆకుపచ్చగా వచ్చింది. నవంబరు చిత్రంలో అక్కడి అంకె 0.6 దాటింది కాబట్టి దాన్ని చెట్ల తరగతిలో వేసుకున్నాను. తరువాత ఆ కొండ అడుగున ఉన్న బాట వెంట వెళ్లి చూస్తే, మనిషి ఎత్తు మించిన లాంటానా తప్ప అక్కడ ఏమీ లేదు. మన వైపు కొందరు పులికంప అనీ, కొందరు తలంబ్రాల చెట్టు అనీ పిలిచే మొక్క అది. కర్రతో కొమ్మలను పక్కకు నెట్టి చూస్తే అడుగున ఒక మోడు కనిపించింది. రెండు చేతులా పట్టినా చాలనంత లావు. పైభాగం చదునుగా, ఒక అంచున గొడ్డలి వేటు ఆనవాలు. బొటనవేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలింది. అంటే ఆ చెట్టు పోయి చాలా ఏళ్లయింది. పటం మాత్రం ఆ వాలును అడవిగానే చూపిస్తూ వచ్చింది. ఇంటికి వచ్చి అదే వాలును ఏప్రిల్ చిత్రంలో చూస్తే అంకె 0.3కు కాస్త పైన ఉంది. అప్పటి నుంచి రెండు కాలాల చిత్రాలు లేకుండా నేను ఏ పటమూ గీయలేదు.

ఎండాకాలపు చిత్రం చేసే మేలు ఇదే. లోతుగా వేళ్లున్న సతతహరిత చెట్లు, మామిడి, పనస, జీడి తోటలు ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉంటాయి. లాంటానా, తంగేడు, రేగు, కలివి వంటి తుప్పలు పలుచని మట్టి ఉన్న రాతి వాలుల మీద అప్పటికి బాగా వాడిపోతాయి. అయితే ఆకురాలే చెట్లు కూడా వేసవికి మోడువారతాయి కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పేయకూడదు. నవంబరులో ఎక్కువ, ఏప్రిల్‌లో ఎక్కువ ఉంటే సతతహరిత చెట్లు లేదా తోట. నవంబరులో ఎక్కువ, ఏప్రిల్‌లో తక్కువ ఉంటే ఆకురాలే అడవి లేదా తుప్ప. రెండింటిలోనూ తక్కువైతే పలుచని తుప్ప, గడ్డి, బండ లేదా కట్టడం. మధ్యలో ఉన్న ఆ రెండో గుంపును విడదీయడానికే మిగిలిన శ్రమంతా.

దానికి మొదటి సాధనం గూగుల్ ఎర్త్ ప్రో. అందులో పాత తేదీల చిత్రాలను వెనక్కి జరుపుకుంటూ చూడవచ్చు. చెట్టుకు గుండ్రని తల, దాని పక్కన నీడ కనిపిస్తాయి. తుప్ప బొంత పరిచినట్టు నీడ లేకుండా, గరుకుగా ఉంటుంది. వరుసల్లో ఉంటే సరుగుడు లేదా నీలగిరి తోట. రెండో సాధనం ఎత్తు: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద అమర్చిన గెడి అనే లేజరు పరికరం 2019 నుంచి సుమారు 25 మీటర్ల వ్యాసమున్న చుక్కల్లో చెట్ల ఎత్తును కొలిచింది. ఆ సమాచారమూ ఉచితమే. కానీ బాగా ఏటవాలైన కొండల మీద ఆ ఎత్తులు పొరపాటుగా రావచ్చు కాబట్టి, చదునైన చోట్లలోనే దాన్ని నమ్మండి. మూడో సాధనం మీ కాళ్లు.

నేల మీద కొలత

అభయారణ్యం లోపల అధ్యయనం చేయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను ప్రకారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుల నుంచి అనుమతి తీసుకోవాలి. పర్యాటకుల కోసం ఇచ్చే టికెట్టు దీనికి చాలదు. బయటి పట్టీలో పట్టా భూములుంటే యజమానిని అడిగి, ఏం కొలుస్తున్నారో చెప్పి మరీ అడుగుపెట్టండి. డ్రోను ఎగరేయాలన్న ఆలోచన మానుకోవడం మేలు. విశాఖ నౌకాదళ స్థావరమున్న నగరం, ఇక్కడి గగనతలం మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. కంబాలకొండలో చిరుతలున్నాయి. ఒంటరిగా వెళ్లకండి, తెల్లవారుజామునా సందెవేళా వెళ్లకండి, పాదాలు కప్పే బూట్లు లేకుండా తుప్పల్లో కాలు పెట్టకండి.

కొలిచే చోటును పటం మీద యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. దారి పక్కన సులువుగా అందే చోట్లనే కొలిస్తే, మనుషుల రాకపోకల వల్ల దెబ్బతిన్న అంచులే మీ లెక్కలోకి వచ్చి, లోపలి అడవి కూడా అలాగే ఉందన్న తప్పు భావన కలుగుతుంది. ఫోనులోని జీపీఎస్ బహిరంగ ప్రదేశంలోనే ఐదు నుంచి పది మీటర్లు తప్పవచ్చు, చెట్ల కింద ఇంకా ఎక్కువ. కాబట్టి చుట్టూ కనీసం 60 మీటర్ల మేర ఒకేలా ఉన్న చోటు మధ్యలో నిలబడి కొలవండి.

ఒక్కొక్క చోట 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల చతురస్రాన్ని తాడుతో గుర్తించి, అందులో నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున 30 సెంటీమీటర్లకు మించి చుట్టుకొలత ఉన్న ప్రతి చెట్టునూ పేరుతో రాసుకోండి. పేరు తెలియని చెట్టు ఆకు, బెరడు, కాయ ఫోటోలు తీసి వరుస సంఖ్య ఇచ్చుకోండి. మోడులను వదిలేయవద్దు. నరికినదా, గాలికి విరిగినదా, కాలినదా అని వాటి పక్కనే రాయండి. జరిగిన నష్టానికి నేల మీద మిగిలిన సాక్ష్యం మోడు ఒక్కటే.

తుప్పల కొలతకు టేపు పద్ధతి అన్నిటికంటే నమ్మదగినది. 30 మీటర్ల టేపును తిన్నగా పరిచి, దాని మీదుగా ఏ తుప్ప ఎంత పొడవు కప్పిందో విడివిడిగా రాయండి. ఒక వరుసలో లాంటానా 4.2 మీటర్లు, కలివి 1.5, రేగు 0.9, తంగేడు 1.8 మీటర్లు వచ్చాయనుకుందాం. మొత్తం 8.4, 30తో భాగిస్తే 28 శాతం. అందులో సరిగ్గా సగం లాంటానాదే అన్న సంగతి ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, కలివి, రేగు తుప్పలు ఇక్కడి సొంత మొక్కలు. పక్షులకూ నక్కలకూ కాయలిస్తాయి, వాటి నీడలో చెట్ల మొలకలు బతుకుతాయి. లాంటానా అమెరికా ఖండం నుంచి తోట మొక్కగా వచ్చి అడవిపాలైనది. పశువులు దాన్ని మేయవు, పక్షులు దాని పండ్లు తిని గింజలను అంతటా చల్లుతాయి, దాని కింద వేరే మొలక లేవడం కష్టం. పటంలో రెండూ తుప్పలే, కానీ ఒకటి అడవి తిరిగి వస్తున్న గుర్తు, రెండోది రాలేకపోతున్న గుర్తు.

అదే టేపు వెంట ప్రతి మీటరు దగ్గర ఆగి నిటారుగా పైకి చూడండి. అరచేతిలో చిన్న అద్దం పెట్టుకుంటే మెడ నొప్పి ఉండదు. తల మీద కొమ్మ ఉంటే ఒకటి, ఆకాశం ఉంటే సున్న. 30 చోట్లలో 11 చోట్ల కొమ్మ ఉంటే గొడుగు సుమారు 37 శాతం, అంటే పలుచని అడవి. వెళ్లే ముందు నాలుగు దిక్కులకూ నాలుగు ఫోటోలు, ప్రతిసారీ అదే చోట, అదే ఎత్తులో, జూమ్ లేకుండా తీయండి. మరో ఐదేళ్లకు వచ్చేవారికి మీ అంకెల కన్నా ఆ ఫోటోలే ఎక్కువ చెబుతాయి.

మీ పటం ఎంత తప్పో లెక్కకట్టండి

చాలామంది ఈ మెట్టును వదిలేస్తారు. వదిలేసిన పటాన్ని నేను నమ్మను. పటంలో చెట్లు పోయాయని వచ్చిన చోట్లను తనిఖీ చేస్తే సరిపోదు, ఏ మార్పూ లేదని వచ్చిన చోట్లను కూడా తనిఖీ చేయాలి. ఎందుకో ఊహించిన అంకెలతో చూపిస్తాను.

మీరు చూస్తున్న మొత్తం 6,150 హెక్టార్లలో 150 హెక్టార్లలో చెట్లు పోయాయని, 6,000 హెక్టార్లలో మార్పు లేదని పటం చెప్పిందనుకోండి. పోయాయన్న భాగంలో 60 చోట్లు చూస్తే 45 చోట్ల నిజంగానే పోయాయి. అంటే 75 శాతం సరి, 150లో నిజమైన నష్టం 112 హెక్టార్లు. మార్పు లేదన్న భాగంలో 200 చోట్లు చూస్తే నాలుగే నాలుగు చోట్ల చెట్లు పోయి తుప్పలు లేచి ఉన్నాయి. నాలుగంటే రెండు శాతమే కదా అని తోస్తుంది. కానీ 6,000 హెక్టార్లలో రెండు శాతం 120 హెక్టార్లు. రెండూ కలిపితే నష్టం 232 హెక్టార్లకు చేరుతుంది, పటం చెప్పినదానికన్నా ఒకటిన్నర రెట్లు. నాలుగు చోట్ల ఆధారంతో చెప్పిన అంకె కాబట్టి అది అటూ ఇటూ తప్పే అవకాశం కూడా పెద్దదే. గణాంకశాస్త్రం ప్రకారం అసలు నష్టం సుమారు 115 నుంచి 350 హెక్టార్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ విరామం తగ్గాలంటే మార్పు లేదన్న భాగంలోనే మరిన్ని చోట్లు చూడాలి. చెట్టు స్థానంలో తుప్ప వచ్చిన చోట్లు దాగేది సరిగ్గా ఆ భాగంలోనే.

తనిఖీ చేసే మనిషికి పటం ఏం చెప్పిందో ముందుగా తెలియకూడదు. తెలిస్తే తెలియకుండానే దానికి అనుకూలంగా చూస్తారు. ఇద్దరు మిత్రులుంటే ఒకరు పటం గీయండి, ఒకరు తనిఖీ చేయండి.

కారణం చెప్పే ముందు

రెండు సంవత్సరాల మధ్య తేడా చూసి కారణం చెప్పడం ప్రమాదకరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు నగరంలో, కొండల మీద లెక్కలేనన్ని చెట్లు కూలాయి, నిలిచినవి ఆకులు కోల్పోయాయి. 2013 నవంబరునూ 2014 నవంబరునూ పోల్చేవారికి అది ప్రళయంలా కనిపిస్తుంది; 2013నూ 2018నూ పోల్చేవారికి అసలేమీ జరగనట్టు కనిపించవచ్చు. కాబట్టి ప్రతి సంవత్సరపు అంకెనూ ఒక గీతగా గీయండి. తుపాను దెబ్బకు గీత ఒక్కసారిగా పడి, మెల్లగా పైకి లేస్తుంది. సరుగుడు, నీలగిరి తోటలు కొన్నేళ్లకొకసారి కోతకు వచ్చి మళ్లీ పెరుగుతాయి కాబట్టి రంపపు పళ్లలా కనిపిస్తాయి. లేఅవుటు వేసిన చోట గీత ఒక్కసారి పడి ఇక లేవదు. చెట్టు పోయి లాంటానా వచ్చిన చోట నవంబరు గీత లేస్తుంది, ఏప్రిల్ గీత లేవదు. ఈ నాలుగో ఆకారం కోసమే ప్రత్యేకంగా వెతకండి.

తరువాత కొండ కింద ఊళ్లలో పెద్దవాళ్లతో మాట్లాడండి. "అడవి తగ్గిందా తాతా?" అని అడిగితే తగ్గిందనే అంటారు. దానికి బదులు, పశువులను ఎక్కడికి తోలేవారు, ఇప్పుడు అక్కడికి దారి ఉందా, ఏ చెట్టు కట్టెలు తెచ్చుకునేవారు, గ్యాసు వచ్చాక కట్టెలకు వెళ్లడం ఎప్పుడు మానేశారు, ఆ తుప్ప మొదట ఎక్కడ చూశారు అని అడగండి. మేత, కట్టెల కోత తగ్గిన చోట తుప్పలు పెరగడం సహజమే; అది నష్టం కాకపోవచ్చు కూడా. వేసవిలో నిప్పు ఏ వాలున మొదలవుతుందో కూడా వారే చెప్పగలరు. ఆ మాటను ఉపగ్రహాలు గుర్తించే నిప్పు బిందువులతో సరిచూసుకోండి. అవి ఉచితంగా దొరుకుతాయి, కానీ ఒక్కో బిందువు 375 మీటర్ల గడి కాబట్టి చిన్న మంటలు అందులో తప్పిపోతాయి.

ఫలితాన్ని రాసేటప్పుడు

లోపలి భాగానికీ, ఒక్కో పట్టీకీ వేర్వేరు వరుసలతో ఒక పట్టిక వేసి, సహజ అడవి, తోట, తుప్ప, బయలు నేల, కట్టడం అన్న తరగతుల విస్తీర్ణాన్ని హెక్టార్లలో, అది ఎంత అటూ ఇటూ కావచ్చో దానితో సహా ఇవ్వండి. ఏ తరగతి నుంచి ఏ తరగతికి ఎంత మారిందో విడిగా చూపించండి. చెట్టు నుంచి తుప్పకు అన్న గడి ఆ పట్టికలో తప్పకుండా ఉండాలి. వాడిన చిత్రాల తేదీలు, ఉపగ్రహం పేరు, తనిఖీ చేసిన చోట్ల సంఖ్య రాయండి. చిరుత అడుగుజాడలు, గూళ్లు, విలువైన చెట్లు కనిపించిన చోట్ల అక్షాంశ రేఖాంశాలను మాత్రం బయటి ప్రతిలో పెట్టకుండా అటవీ శాఖ అధికారులకు మాత్రమే ఇవ్వండి.

క్షేత్రంలో రాసిన కాగితాలను ఫోటో తీసి, హద్దు ఫైలు, బిందువుల ఫైలు, నాలుగు దిక్కుల ఫోటోలతో కలిపి ఒకే ఫోల్డరులో ఉంచి, మరో చోట ఇంకో ప్రతి దాచండి. చతురస్రం ఒక మూల ఉన్న బండరాయి మీదనో, కదలని గుర్తు పక్కనో నిలబడి చివరి ఫోటో తీసుకోండి. వచ్చే నవంబరులో వానలకు తుప్ప మనిషెత్తు లేచినప్పుడు ఆ మూలను వెతికి పట్టుకోవడానికి ఆ ఫోటోయే దారి చూపుతుంది.